ఎల్‌ఎం386తో అర వాట్ గిటార్ యాంప్: ఇంట్లోనే కట్టుకునే పద్ధతి

ఎలక్ట్రిక్ గిటార్‌ని నేరుగా కంప్యూటర్ స్పీకర్లకి కలిపితే శబ్దం వస్తుంది గానీ, దుప్పటి కప్పినట్టు మొద్దుగా వస్తుంది. తీగ మీటగానే వినిపించాల్సిన ఆ పదును ఉండదు. దానికి కారణం పికప్‌లో ఉంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. మల్టీమీటర్ పెడితే 6 నుంచి 10 కిలో ఓమ్‌లే చూపిస్తుంది. కానీ దాని ఇండక్టెన్స్ 2 నుంచి 8 హెన్రీల దాకా ఉంటుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపిడెన్స్ (ఊగే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) కూడా పెరిగి, 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి లక్ష ఓమ్‌లు దాటిపోతుంది. అవతలి పరికరం ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లే అయితే ఆ పై ఫ్రీక్వెన్సీలు పికప్ దాటి బయటికి రావు.

చిన్న యాంప్ కట్టేవాళ్ళలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఎల్‌ఎం386 అనే చిన్న యాంప్లిఫయర్ చిప్ కొని, డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉన్న బొమ్మ ప్రకారం కట్టి, ముందర 10 కిలో ఓమ్ వాల్యూమ్ పెట్టి గిటార్ తగిలిస్తారు. చిప్ సొంత ఇన్‌పుట్టే 50 కిలో ఓమ్‌లు. వాల్యూమ్‌తో కలిస్తే ఇంకా తగ్గుతుంది. చివరికి మళ్ళీ ఆ మొద్దు శబ్దమే వస్తే "386 అంతేలే" అనుకుని పక్కన పడేస్తారు. నిజానికి చిప్ బాగానే ఉంటుంది. దానికి ముందు ఏముంది, వెనక ఏ స్పీకర్ ఉంది అన్నవే ఈ యాంప్ ఎలా పలకాలో నిర్ణయిస్తాయి. అందుకే ఇక్కడ చిప్ ముందు ఒక జేఫెట్ బఫర్ (గిటార్ సిగ్నల్‌ని తగ్గించకుండా అందుకుని చిప్‌కి అందించే ట్రాన్సిస్టర్ దశ) పెడుతున్నాం. చివర పెట్టే స్పీకర్ గురించీ వివరంగా చెబుతున్నాం.

మొదటి యాంప్‌గా వాల్వ్ (గాజు ట్యూబ్) ఉన్నది మాత్రం మొదలుపెట్టకండి. వాటిలో 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అది కెపాసిటర్లలో నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. 9 వోల్టుల యాంప్‌లో ఆ భయం లేదు.

కావలసిన సామాను

ఎల్‌ఎం386 ఒకటి, దానికి 8 పిన్నుల ఐసీ సాకెట్ ఒకటి. సాకెట్ తప్పకుండా వేయండి, చిప్ పోతే టంకం విప్పే బాధ ఉండదు. చిప్ కొనేటప్పుడు చివర ఉన్న అంకె చూడండి. ఎన్-1, ఎన్-3 రకాలు 4 నుంచి 12 వోల్టుల మధ్య పనిచేస్తాయి. ఎన్-4 రకం 5 నుంచి 18 వరకు వెళుతుంది. 9 వోల్టులకి ఏదైనా సరిపోతుంది.

జేఫెట్: 2ఎన్5457 గానీ ఎంపీఎఫ్102 గానీ జే201 గానీ, ఏదో ఒకటి. మూడింటికీ కాళ్ళ వరుస ఒకటే. చదునైన ముఖం మీవైపు, కాళ్ళు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి డ్రెయిన్, సోర్స్, గేట్. ఇంకో నంబర్ దొరికితే దాని డేటాషీట్ చూడకుండా బిగించకండి, వరుస మారిపోతుంది. ఈ మూడింట్లో డ్రెయిన్, సోర్స్ తారుమారైనా సర్క్యూట్ పనిచేస్తుంది. గేట్ తప్పితే మాత్రం పనిచేయదు.

రెసిస్టర్లు, అన్నీ పావు వాట్: 1 మెగా ఓమ్ ఒకటి, 10 కిలో ఓమ్ ఒకటి, 3.9 కిలో ఓమ్ ఒకటి, 4.7 కిలో ఓమ్ ఒకటి, 10 ఓమ్ ఒకటి. మెగా ఓమ్ రంగులు గోధుమ, నలుపు, ఆకుపచ్చ. 10 ఓమ్‌ది గోధుమ, నలుపు, నలుపు. మసక వెలుతురులో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. 10 ఓమ్ పొరపాటున గేట్ దగ్గర పడితే గిటార్ సిగ్నల్ మొత్తం గ్రౌండ్‌లోకి పోతుంది. ప్రతి రెసిస్టర్‌నీ మీటర్‌తో కొలిచాకే బోర్డులో పెట్టండి.

కెపాసిటర్లు: 22 నానోఫారడ్ (మీద 223 అని ఉంటుంది), 47 నానో (473), 100 నానో (104), 470 నానో (474), 47 పికోఫారడ్ సెరామిక్, ఒక్కొక్కటి. ఎలక్ట్రోలిటిక్‌లు 10 మైక్రోఫారడ్‌వి రెండు, 220 మైక్రోవి రెండు. అన్నీ 16 వోల్టులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తట్టుకునేవి.

వాల్యూమ్‌కి 10 కిలో ఓమ్ లాగ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్), గెయిన్‌కి (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు చేయాలో అందుకు) 5 కిలో ఓమ్ పాట్. గిటార్ కోసం పావు అంగుళం స్టీరియో జాక్ (మోనో వద్దు, కారణం కింద ఉంది), 2.1 మిల్లీమీటర్ల డీసీ సాకెట్, 1ఎన్5817 డయోడ్, ఎల్ఈడీ, బ్యాటరీ క్లిప్, జీపీ బోర్డు (చిల్లుల బోర్డు) ముక్క. 8 ఓమ్‌ల స్పీకర్.

సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 40 వాట్లది చాలు. 60/40 సోల్డర్‌తో అయితే మొన 340 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంచండి. ముందు కాలునీ ప్యాడ్‌నీ కలిపి వేడి చేసి, ఆ తర్వాత సోల్డర్ తాకించాలి. రెండు, మూడు సెకన్లలో అయిపోవాలి. సోల్డర్‌ని ఐరన్ మొన మీద కరిగించి తెచ్చి అద్దితే ఫ్లక్స్ దారిలోనే ఆవిరైపోతుంది, అతుకు పైకి అతికినట్టే కనబడినా లోపల పట్టదు.

వెనక నుంచి ముందుకి కట్టండి

మొత్తం కట్టేసి చివర్లో స్విచ్ వేస్తే, పలకనప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. ముందు పవర్, తర్వాత చిప్, ఆ తర్వాత స్పీకర్, చివరగా జేఫెట్. ఈ వరుసలో వెళుతూ ఒక్కో మెట్టు దగ్గర పరీక్షించుకుంటే తప్పు ఎప్పుడూ అప్పుడే వేసిన నాలుగైదు అతుకుల్లోనే ఉంటుంది.

బోర్డు మధ్యలో ఐసీ సాకెట్ బిగించండి, చిప్ ఇంకా పెట్టొద్దు. గాడి పైకి ఉండేలా చూస్తే ఎడమ పక్క పై నుంచి కిందికి 1, 2, 3, 4. కుడి పక్క కింద నుంచి పైకి 5, 6, 7, 8. బోర్డు తిప్పి టంకం వేసేటప్పుడు ఈ లెక్క అద్దంలో లాగా తారుమారవుతుంది. అందుకే బోర్డు అడుగున మార్కర్‌తో 1, 8 అని రాసుకోండి.

6వ పిన్నుకి పాజిటివ్, 4వ పిన్నుకి గ్రౌండ్. ఈ రెంటి మధ్య 220 మైక్రోఫారడ్ ఒకటి, 100 నానో ఒకటి. 100 నానోది పిన్నులకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, ఒక సెంటీమీటర్ దాటనివ్వకండి. 7వ పిన్ను నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రో, పాజిటివ్ కాలు పిన్ను వైపు. అడాప్టర్ నుంచి వచ్చే హమ్‌ని ఇది తగ్గిస్తుంది. 2వ పిన్ను గ్రౌండ్‌కి.

5వ పిన్ను అవుట్‌పుట్. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి రెండో 220 మైక్రోఫారడ్ ద్వారా స్పీకర్‌కి, కెపాసిటర్ పాజిటివ్ 5వ పిన్ను వైపు. రెండోది 10 ఓమ్ రెసిస్టర్, 47 నానో కెపాసిటర్ వరుసగా కలిపి గ్రౌండ్‌కి. "దీనివల్ల శబ్దంలో తేడా ఏమీ లేదు కదా" అని ఈ రెండో దారిని చాలామంది వదిలేస్తారు. దీని పని మనకి వినబడని చోట ఉంది. స్పీకర్ కాయిల్ పై ఫ్రీక్వెన్సీల్లో చిప్‌కి లోడ్‌గా కనబడడం మానేసినప్పుడు చిప్ తనంతట తానే ఆసిలేట్ అవకుండా (సిగ్నల్ లేకపోయినా ఊగిపోకుండా) ఇది పట్టి ఉంచుతుంది.

220 మైక్రోకి, 8 ఓమ్‌ల స్పీకర్‌కి లెక్క వేస్తే 90 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి శబ్దం తగ్గుతూ పోతుంది. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. చిన్న స్పీకర్లకి ఇది చాలు. 10 అంగుళాల స్పీకర్ పెడుతుంటే 470 మైక్రో వేయండి, 42 హెర్ట్జ్ దాకా దిగుతుంది.

ఇప్పుడు చిప్ లేకుండానే పవర్ ఇచ్చి 6, 4 పిన్నుల మధ్య కొలవండి. 9 వోల్టులకి కాస్త అటూ ఇటూగా రావాలి. పవర్ తీసేసి, గాడి చూసుకుని చిప్ గుచ్చి, స్పీకర్ కలిపి మళ్ళీ పవర్ ఇవ్వండి. అవుట్‌పుట్ కెపాసిటర్ ఛార్జ్ అవుతూ స్పీకర్‌లో చిన్నగా "థప్" మనాలి. మీటర్ నల్ల తీగ గ్రౌండ్ మీద ఉంచి 5వ పిన్ను కొలిస్తే సరఫరాలో సగం, అంటే 4 నుంచి 4.6 వోల్టుల మధ్య ఉండాలి. 7వ పిన్ను కూడా దాదాపు అంతే. 3వ పిన్ను సున్నా దగ్గర. 5వ పిన్ను 9 దగ్గరో సున్నా దగ్గరో అతుక్కుపోయి ఉంటే వెంటనే పవర్ తీసి 2, 3, 4 పిన్నుల అతుకులు చూడండి.

3వ పిన్నుని స్క్రూడ్రైవర్ మొనతో తాకి, లోహాన్ని వేలితో పట్టుకోండి. "బూమ్" అని హమ్ వినిపిస్తే చిప్ భాగం అయిపోయినట్టే.

తర్వాత జేఫెట్. డ్రెయిన్ పాజిటివ్‌కి. సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 3.9 కిలో ఓమ్. గేట్ నుంచి గ్రౌండ్‌కి 1 మెగా ఓమ్, పక్కనే 47 పికోఫారడ్ కూడా గేట్ నుంచి గ్రౌండ్‌కి. ఇన్‌పుట్ జాక్ టిప్ (ప్లగ్ మొనకి తగిలే కాలు) నుంచి 22 నానో, దాని వెనక 10 కిలో ఓమ్, అక్కడి నుంచి గేట్. ఆ 10 కిలో ఓమ్, 47 పికో కలిసి రేడియో తరంగాలని లోపలికి రానివ్వవు. ఈ రెండూ లేకపోతే కొన్ని చోట్ల యాంప్‌లో రేడియో స్టేషన్ వినబడుతుంది. పవర్ ఇచ్చి సోర్స్ దగ్గర కొలిస్తే 1 నుంచి 3 వోల్టుల మధ్య ఏదైనా రావచ్చు, జే201 అయితే 1 కన్నా తక్కువ కూడా రావచ్చు. ఒకే నంబర్ ఉన్న జేఫెట్లు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా తయారవుతాయి కాబట్టి ఇంత తేడా సహజమే. సున్నా వచ్చినా 9 వచ్చినా కాళ్ళ వరుస తప్పింది.

సోర్స్ నుంచి 470 నానో ద్వారా వాల్యూమ్ పాట్‌కి. పాట్ కాడ మీవైపు, కాళ్ళు కిందికి ఉంటే కుడి కాలుకి సిగ్నల్, ఎడమ కాలు గ్రౌండ్, మధ్య కాలు 3వ పిన్నుకి. తిరగేసి కలిపితే నాబ్ కుడికి తిప్పినప్పుడు శబ్దం తగ్గుతుంది, అంతకుమించి నష్టం లేదు. స్పీకర్ 4 అంగుళాలదో అంతకన్నా చిన్నదో అయితే 470 నానో బదులు 100 నానో వేయండి. 160 హెర్ట్జ్ కింద తగ్గిపోతుంది. చిన్న స్పీకర్ ఆ బాస్‌ని ఎలాగూ పలకలేదు. పలకలేని బాస్ కోసం కోన్ కొట్టుకుంటూ, ఉన్న అర వాట్ వృథా అవుతుంది. ఆ బాస్ తీసేస్తే చిన్న స్పీకర్ మరింత గట్టిగా, శుభ్రంగా పలుకుతుంది.

గ్రౌండ్ తీగ

గ్రౌండ్ అంటే అన్నీ ఒకచోటే కదా, ఏ తీగ ఎటు కలిపితే ఏముంది అనిపిస్తుంది. చిన్న లెక్క వేసి చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అర వాట్ ఇస్తున్నప్పుడు శిఖరం దగ్గర కరెంట్ 350 మిల్లీఆంపియర్లు. ఆ కరెంట్ తిరిగి వచ్చే గ్రౌండ్ తీగ నిరోధం పదో వంతు ఓమ్ అనుకుందాం, సన్నటి తీగా ఒక నాసిరకం అతుకూ కలిస్తే అంత అవుతుంది. దాని మీద 35 మిల్లీవోల్టులు పుడతాయి. గిటార్ నుంచి వచ్చేదే 100 మిల్లీవోల్టుల చుట్టుపక్కల. ఇన్‌పుట్ జాక్ గ్రౌండ్ కూడా అదే తీగ మీద వేలాడుతుంటే గిటార్ సిగ్నల్‌లో మూడో వంతు అంత స్పీకర్ సిగ్నల్ దానికి కలిసి మళ్ళీ లోపలికి వెళుతుంది. యాంప్ కూత పెట్టడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

కాబట్టి 4వ పిన్ను పక్కన, సరఫరా 220 మైక్రోఫారడ్ నెగటివ్ కాలు దగ్గర ఒక చోటు గుర్తు పెట్టుకోండి. స్పీకర్ నెగటివ్ తీగ సొంతంగా అక్కడికే రావాలి. బ్యాటరీ నెగటివ్ ఇన్‌పుట్ జాక్ మీదుగా వస్తుంది (కారణం 'పవర్' దగ్గర ఉంది) కాబట్టి జాక్ స్లీవ్ (ప్లగ్ ఒంటికి తగిలే కాలు) తీగ కూడా వేరుగా అక్కడికే. జేఫెట్ గ్రౌండ్, వాల్యూమ్ గ్రౌండ్, ఈ రెండూ తమలో తాము కలిసి ఒకే తీగగా అక్కడికి చేరవచ్చు, ఎందుకంటే వీటిలో పారే కరెంట్ చాలా తక్కువ. ఇన్‌పుట్ తీగ షీల్డ్ ఉన్నదైతే మంచిది, షీల్డ్ ఒక్క కొస మాత్రమే గ్రౌండ్‌కి కలపండి. స్పీకర్ తీగలు రెండూ మెలేసి, ఇన్‌పుట్‌కి ఎదురు పక్క నుంచి తీసుకెళ్ళండి.

గెయిన్ ఎంత కావాలి

1, 8 పిన్నుల మధ్య ఏమీ లేకపోతే చిప్ సిగ్నల్‌ని 20 రెట్లు చేస్తుంది. 10 మైక్రోఫారడ్ పెడితే 200 రెట్లు. పాజిటివ్ 1వ పిన్ను వైపు. ఆ కెపాసిటర్‌కి వరుసలో 5 కిలో ఓమ్ పాట్ పెడితే మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. పాట్ మధ్య కాలు, ఒక పక్క కాలు చాలు. మార్పు ఎక్కువ భాగం నాబ్ చివరి పావు తిప్పులోనే జరుగుతుంది, అది పాట్ లోపం కాదు. 1 కిలో ఓమ్ పాట్ వాడితే తిప్పు సాఫీగా ఉంటుంది గానీ గెయిన్ పూర్తిగా కిందికి దిగదు.

9 వోల్టుల మీద అవుట్‌పుట్ రెండు వైపులా 3 వోల్టులకి కాస్త అటూ ఇటూ ఊగి అక్కడ తల తెగిపోతుంది. అంటే 20 రెట్ల గెయిన్‌లోనే 3వ పిన్ను మీద 150 మిల్లీవోల్టులు దాటితే డిస్టార్షన్ మొదలు. హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న) పికప్ గట్టిగా మీటితే అర వోల్టు సులభంగా ఇస్తుంది. వాల్యూమ్ పూర్తిగా పెడితే 20 రెట్లలోనే చక్కటి కరుకుదనం వస్తుంది. 200 దగ్గర 15 మిల్లీవోల్టులకే తెగిపోతుంది కాబట్టి మీటడంలో మెత్తన, గట్టి తేడాలన్నీ పోతాయి, వాయించకపోయినా 'హిస్' వినబడుతుంది. ముందు గెయిన్ నాబ్ లేకుండా నాలుగు రోజులు వాయించి చూడండి. చాలామందికి ఆ నాబ్ అవసరమే రాదు.

డిస్టార్షన్ తుమ్మెద రొదలా అనిపిస్తే 1, 5 పిన్నుల మధ్య 10 కిలో ఓమ్, 33 నానోఫారడ్ వరుసగా కలపండి. పై స్వరాల గెయిన్ తగ్గి బాస్ నిలబడుతుంది. 8వ పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు ఆ రెసిస్టర్‌ని 10 కిలో ఓమ్ కంటే తగ్గించకండి, చిప్ నిలకడ తప్పుతుంది.

స్పీకర్, పెట్టె

ఈ యాంప్‌లో డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది స్పీకర్ మీద. స్పీకర్ వివరాల్లో సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఉంటుంది: ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎంత శబ్దం అని. చిన్న బొమ్మ స్పీకర్ 85 ఉంటే, గిటార్ కోసం చేసిన 10 అంగుళాల స్పీకర్ 97 దాకా ఉంటుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు లెక్క. 12 డెసిబెల్స్ తేడా అంటే 16 రెట్లు. అదే అర వాట్‌ని 97 స్పీకర్‌కి ఇస్తే, 85 స్పీకర్‌కి 8 వాట్లు ఇచ్చినంత శబ్దం. అర వాట్ యాంప్‌ని మంచి గిటార్ క్యాబినెట్‌కి తగిలించి తలుపులు మూసిన గదిలో వాయిస్తే వాల్యూమ్ సగం దాటించబుద్ధి కాదు.

రెండో సంగతి, గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు. అది లోపం కాదు, అదే దాని గుణం. డిస్టార్షన్‌లో పుట్టే గరగరలన్నీ ఆ పైనే ఉంటాయి. ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) ఉన్న పాటల స్పీకర్ పెడితే ఆ గరగర మొత్తం వినబడుతుంది. గిటార్ స్పీకర్ దొరక్కపోతే కాగితపు కోన్ ఉన్న 6 లేక 8 అంగుళాల మామూలు ఫుల్ రేంజ్ స్పీకర్ వాడండి. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవి, చిప్ అనవసరంగా వేడెక్కుతుంది.

8 అంగుళాల స్పీకర్‌కి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెట్టె: పైన, కింద పలకలు 320 × 180 మిల్లీమీటర్లు, పక్క పలకలు 296 × 180, స్పీకర్ బిగించే పలక 296 × 296. ముందు అంచు నుంచి 20 మిల్లీమీటర్లు లోపలికి, చుట్టూ 20 × 20 చెక్క పట్టీల మీద ఈ పలక కూర్చుంటుంది. ముందు మిగిలిన లోతు గుడ్డ చట్రానికి. స్పీకర్ రంధ్రం సుమారు 180 మిల్లీమీటర్లు వస్తుంది గానీ, మీ స్పీకర్‌ని కొలిచాకే గీత గీయండి. చట్రం అంచు పలక మీద చుట్టూ కనీసం 8 మిల్లీమీటర్లు ఆనాలి. కీళ్ళన్నిటికీ చెక్క జిగురు పూసి, స్క్రూలు బిగించి ఒక రాత్రి ఆరనివ్వండి.

వెనక పూర్తిగా మూయకండి. ఇంత చిన్న పెట్టెని మూసేస్తే లోపలి గాలి కోన్‌ని బిగబట్టి, శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు ముక్కుతో పలుకుతుంది. 296 × 140 పలక ఒకటి కింది భాగంలో బిగించి పైభాగం తెరిచి ఉంచండి. స్పీకర్‌ని నాలుగు బోల్టులతో ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఒక్కటే ముందు పూర్తిగా బిగిస్తే చట్రం మెలిపడి కాయిల్ రాసుకుంటుంది. చట్రానికీ పలకకీ మధ్య పల్చటి ఫోమ్ పట్టీ వేయండి, గలగలలు ఆగుతాయి.

స్పీకర్‌ని బోర్డుకి నేరుగా టంకం వేయండి. మధ్యలో మామూలు జాక్ పెడితే ప్లగ్ గుచ్చేటప్పుడు ఒక్క క్షణం టిప్, స్లీవ్ షార్ట్ అవుతాయి. ఈ చిప్ షార్ట్‌ని ఎక్కువసేపు తట్టుకోదు.

పవర్

బ్యాటరీ నెగటివ్ తీగని ఇన్‌పుట్ స్టీరియో జాక్ రింగ్‌కి (టిప్, స్లీవ్ కాక మిగిలిన మూడో కాలికి) కలపండి. గిటార్ తీగ ప్లగ్ మోనో కాబట్టి లోపలికి వెళ్ళగానే రింగ్‌నీ స్లీవ్‌నీ కలిపేస్తుంది, యాంప్ ఆన్ అవుతుంది. ప్లగ్ తీస్తే ఆఫ్. స్విచ్ అక్కర్లేదు. కాకపోతే వాయించడం అయ్యాక ప్లగ్ గుచ్చే వదిలేస్తే బ్యాటరీ వృథాగా దిగిపోతూ ఉంటుంది. 4.7 కిలో ఓమ్‌తో ఎల్ఈడీ పెట్టేది అందుకే.

గట్టిగా వాయించేటప్పుడు చిప్ సగటున 100 మిల్లీఆంపియర్ల పైనే లాగుతుంది. చదరపు 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ అసలు సామర్థ్యమే 500 మిల్లీఆంపియర్ అవర్ల చుట్టుపక్కల, అంత కరెంట్ దగ్గర అది ఇంకా తగ్గుతుంది. ఆరు ఏఏ సెల్స్ వరుసగా పెట్టిన హోల్డర్ వాడితే అదే 9 వోల్టులు, నాలుగు రెట్లకి పైగా ఓర్పు. పెట్టెలో చోటు ఉంది కాబట్టి ఇదే చేయండి.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త. గిటార్ పెడళ్ళ అడాప్టర్లలో మధ్య పిన్ను నెగటివ్. మిగతా చాలా అడాప్టర్లలో మధ్య పిన్ను పాజిటివ్. సాకెట్ పాజిటివ్‌కీ బోర్డుకీ మధ్య 1ఎన్5817 వరుసలో పెడితే, తారుమారు అడాప్టర్ తగిలించినా చిప్ బతుకుతుంది. గీత ఉన్న కొస బోర్డు వైపు ఉండాలి. ఇంకొకటి: ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం బరువైన అడాప్టర్ మీద 12 అని రాసి ఉన్నా, లోడ్ తక్కువగా ఉంటే 16, 17 వోల్టులు వస్తాయి. ఎన్-1 చిప్ హద్దు 15. తగిలించే ముందు ఖాళీగా కొలవండి.

పలకనప్పుడు, తప్పుగా పలికినప్పుడు

"టుక్ టుక్ టుక్" అని పడవ ఇంజిన్‌లా కొట్టుకుంటుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా సరఫరా 220 మైక్రో అతుకు ఊడింది. స్పీకర్ కరెంట్ లాగిన ప్రతిసారీ వోల్టేజ్ కుంగి, ఆ కుంగుడు ముందు దశలోకి వెళ్ళి మళ్ళీ లాగుతుంది.

గెయిన్ పెంచగానే సన్నటి కూత వస్తే ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు దగ్గరగా ఉన్నాయి. చేత్తో తీగ కదిపి చూడండి, కూత స్వరం మారితే కారణం అదే. బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా గుచ్చి కట్టే బోర్డు) మీద 200 గెయిన్‌లో కూత రావడం మామూలే, అక్కడ దానితో కుస్తీ పట్టొద్దు.

వాయించకపోయినా చిప్ వేలికి వేడిగా తగిలితే చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతోంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మొత్తం కరెంట్ 10 మిల్లీఆంపియర్ల లోపే ఉండాలి. 20 దాటితే 10 ఓమ్, 47 నానో జంటనీ, 100 నానో ఎంత దూరంలో ఉందో అదీ చూడండి.

హమ్ వస్తుంటే గిటార్ తీగల మీద చెయ్యి వేయండి. తగ్గితే అంతా సవ్యంగానే ఉంది, సింగిల్ కాయిల్ పికప్ స్వభావం అది. గిటార్‌ని కాస్త పక్కకి తిప్పితే ఇంకా తగ్గుతుంది. చెయ్యి వేస్తే పెరిగితే మాత్రం జాక్ దగ్గర టిప్, స్లీవ్ తారుమారయ్యాయి. బ్యాటరీ మీద లేని హమ్ అడాప్టర్ మీద వస్తే 7వ పిన్ను 10 మైక్రో చూసి, అది సరిగ్గా ఉంటే అడాప్టర్ మార్చండి.

స్పీకర్ కోన్ ఒక పక్కకి నెట్టుకుపోయి అక్కడే నిలబడి ఉంటే వెంటనే పవర్ తీయండి. అవుట్‌పుట్ కెపాసిటర్ షార్ట్ అయింది, లేదా తిరగబడి ఉంది. 4.5 వోల్టుల డీసీ నేరుగా కాయిల్‌లోకి వెళుతోంది, కొద్దిసేపట్లో కాయిల్ కాలిపోతుంది.

శబ్దం వస్తూ పోతూ ఉంటే పెన్సిల్ వెనక కొసతో ఒక్కో భాగాన్నీ మెల్లగా తట్టండి. ఏది తడితే తేడా వస్తుందో ఆ అతుకుని మళ్ళీ వేడి చేసి కొత్త సోల్డర్ కొద్దిగా ఇవ్వండి. చాలాసార్లు అది పాట్ కాళ్ళ దగ్గరో, ఇన్‌పుట్ జాక్ దగ్గరో బయటపడుతుంది. నాబ్ బిగించేటప్పుడు పాట్ మొత్తం తిరిగి తీగ లాగేస్తుంది కాబట్టి, ముందు పాట్‌ని ప్యానెల్‌కి నట్టుతో బిగించి, ఆ తర్వాతే దానికి తీగలు టంకం వేయండి.